ఏడ బోర్ కొట్టింది?

యోగానంద్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళకి సరిగ్గా ఏ క్షణంలో బోర్ కొట్టిందో తెలుసుకుంటే గానీ అతనికి అన్నం సయించదు.

మామూలు మనుషులు తాము మాట్లాడుతుండగా ఎవరైనా ఆవలిస్తే చిన్నబుచ్చుకుంటారు, లేదా చూడనట్టు ఊరుకుంటారు. యోగానంద్ ముఖం మాత్రం వెలిగిపోతుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, ఆత్రంగా అడుగుతాడు. "ఏడ బోర్ కొట్టింది? కరెక్ట్‌గా చెప్పు భాయ్."

అతనిది హనుమకొండ. ఇప్పుడు టెక్సస్‌లో, కాపెల్ అనే ఊళ్ళో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. పగలు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్‌లు చూసుకుంటాడు. సాయంత్రం గరాజ్‌లో, కార్లు ఉండాల్సిన చోట లాప్‌టాప్, చిన్న కీబోర్డు, మనిషెత్తు స్పీకర్లు పెట్టుకుని ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తాడు. కార్లు బయట ఎండలో ఉంటాయి. జూలై నెల టెక్సస్ ఎండలో కారు నడపాలంటే అతని భార్య ఉజ్వల స్టీరింగ్‌కి వంటింటి గుడ్డ చుట్టుకోవాలి.

ఇంత హంగామా చేసి ఏడేళ్ళుగా అతను తయారుచేసింది ఒకే ఒక్క లూపు. అది పుట్టింది కూడా ఉజ్వల వంటింట్లోనే. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్‌కి బెల్టు వదులై, గుడగుడల మధ్య ఠప్పుమని ఒక దెబ్బ పడడం మొదలైంది. ఉజ్వల బెల్టు మార్చమంది. యోగానంద్ మైకు తెచ్చాడు. ఇప్పటికీ ఆ బెల్టు మార్చలేదు. "మళ్ళ రికార్డ్ చెయ్యాల్సొస్తే ఎట్ల?" అంటాడు. ఉజ్వల ఇడ్లీలు మానేసి ఉప్మాతో సరిపెడుతోంది.

లూపు అంటే భయపడక్కర్లేదు. పదిహేను సెకన్ల సంగీతం ముక్క. చివరికి వచ్చి మళ్ళీ మొదటికి పోతుంది, మా ఆఫీసు మీటింగుల్లాగే. యోగానంద్ లూపులో ఆ గ్రైండర్ ఠప్పు ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, కింద బేస్ ఉంది, పైన చిన్న ట్యూన్ ఉంది, వెనకాల ఎవరో సన్నగా ఏడుస్తున్నట్టు ఏదో ఉంది. మొదటిసారి వింటే బాగానే ఉంటుంది. కష్టమంతా ఆ తర్వాతే. ఆ పదిహేను సెకన్లని అయిదు నిమిషాల పాట చేయాలి. దాన్నే వాళ్ళు అరేంజ్‌మెంట్ అంటారట.

"కొత్తగా ఏం కలపొద్దు భాయ్," అని ఒకసారి నాకు పాఠం చెప్పాడు. "ఉన్నవన్నీ ఒక్కసారే వినిపిస్తే లూపు. కొన్ని దాచిపెట్టి, టైం చూసి ఒక్కొక్కటి బయటికి తీస్తే పాట. వినేటోనికి బోర్ కొట్టే ముందు, ఒక్క సెకను ముందు, ఏదో ఒకటి మారాలె. ముందే మారిస్తే ఆగమాగం. లేటైతే ఆవలింత."

"మరి ఆ సెకను ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"అందుకే కదా అందర్ని అడిగేది," అన్నాడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. కాపెల్ తెలుగువాళ్ళు ఎవరింట్లో ఏం వినిపించినా, ఏం తినిపించినా "చాలా బాగుందండీ" అనే అంటారు. పిల్ల వయొలిన్ మీద మొదటి పాఠం వాయించినా అదే మాట, కొత్త ఇంట్లో బాత్‌రూమ్ టైల్స్ చూపించినా అదే మాట. యోగానంద్ లూపుకీ అదే మాట. ఆ మాట వింటే అతనికి ఒళ్ళు మండిపోతుంది. మంచి మనుషుల మధ్య పడి ఏడేళ్ళుగా నిజం కోసం అలమటిస్తున్నాడు.

ఒకప్పుడు మేమిద్దరం ఒకే కారులో ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం. నడపడం అతని వంతు, వినడం నా వంతు. బోర్ కొట్టగానే చెయ్యెత్తాలి, అదీ షరతు. నేనూ కాపెల్ వాణ్ణే కాబట్టి మర్యాద పాటించాను. హైవే ఎక్కి, ఎయిర్‌పోర్టు దాటి, ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆగాక, పోనీలే అని చెయ్యెత్తాను.

"అబద్ధం," అన్నాడు యోగానంద్. "నీకు ఎయిర్‌పోర్ట్ ఎగ్జిట్ కాడనే బోర్ కొట్టింది. అప్పటిదాక మోకాలి మీద నీ వేళ్ళు ఆడుతున్నయి. అక్కడ ఆగిపోయినయి."

"నువ్వు రోడ్డు చూస్తున్నావా, నా వేళ్ళు చూస్తున్నావా?"

"రెండూ."

మర్నాటి నుంచి చేతులు కట్టుకుని కూర్చున్నాను. అతను నా ఊపిరి వినడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నేను నా కారులోనే వెళ్తున్నాను.

ఈ జబ్బు సంగీతంతో ఆగితే బాగుండేది. మా గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం చేయించాం. కథలు చదువుతున్నంతసేపూ యోగానంద్ ఒక మూల కూర్చుని స్వామిని కాకుండా జనాన్ని చూస్తున్నాడు. ప్రసాదాలయ్యాక పంతులుగారిని పక్కకి తీసుకెళ్ళి, చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు.

"పంతులుగారు, మూడో కథ మధ్యల అందరు ఫోన్లు తీసిన్రు."

పంతులుగారు నొచ్చుకున్నారు. "కథని నేను మార్చలేను కదండీ."

"కథ మార్చుడెందుకు? మీ చేతిల గంట ఉన్నది కదా. కథ అయినంక కొడుతున్రు. గా మధ్యల ఒక్కసారి కొట్టి చూడున్రి."

కొన్నాళ్ళకి ఇంకో ఇంట్లో వ్రతానికి వెళ్ళాను. మూడో కథలో షావుకారునీ అల్లుణ్ణీ చెరసాలలో వేసే చోట పంతులుగారు ఉన్నట్టుండి గంట గణగణా వాయించారు. ఫోన్లన్నీ జేబుల్లోకి వెళ్ళిపోయాయి. ఆయన నా వైపు చూసి, దొరికిపోయినట్టు నవ్వారు.

ఉగాది ఫంక్షన్‌లో జరిగింది ఇంకా ఘోరం. మా తెలుగు సంఘం అధ్యక్షులు రాజారావు గారు ప్రసంగిస్తున్నారు. ఆయన మైకు పట్టుకుంటే పులిహోర చల్లారిపోతుందని అందరికీ తెలుసు. ముందు వరసలో యోగానంద్ చెయ్యెత్తాడు.

"ప్రశ్నలు చివర్లో తీసుకుంటానండీ," అన్నారు రాజారావు గారు.

"ప్రశ్న కాదు సార్. నాకు ఈడ బోర్ కొట్టింది. మీకు పనికొస్తదని చెప్తున్న."

ఉజ్వల చీరకొంగు తల మీదుగా కప్పుకుంది. అతను మాత్రం ఉపకారం చేసినవాడిలా ప్రశాంతంగా కూర్చున్నాడు. అప్పటి నుంచి రాజారావు గారు మైకు పట్టుకోగానే ముందు వరసలో యోగానంద్ చెయ్యి ఎక్కడుందో చూసుకుంటారు. ప్రసంగాలు సగానికి సగం తగ్గాయి. సంఘంలో ఎవరూ పైకి అనరు గానీ, వడ్డన దగ్గర యోగానంద్ విస్తట్లో ఒక గారె ఎక్కువ పడుతుంది.

అతనింటికి భోజనానికి పిలిస్తే మాత్రం కొంచెం ఆలోచిస్తాం. ఉజ్వల వంటకి వంక పెట్టలేం, వడ్డనే యోగానంద్‌ది. అన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టనివ్వడు. ముందు అన్నం, పప్పు. చాలాసేపు అవే. ఇంతేనేమో అనుకుని మేం కడుపునిండా తిన్నాక లోపల్నుంచి గోంగూర మటన్ వస్తుంది. అతను మా ముఖాలు చూసి, "చూసినవా, ఎంత ఇంపాక్టో" అంటాడు. మా ముఖాల్లో ఉన్నది ఇంపాక్ట్ కాదు, ఇక చోటు లేదే అన్న దుఃఖం. ఒకసారి చివరికని పెరుగు గరాజ్‌లో దాచి మర్చిపోయాడు. వాసన వచ్చాక దొరికింది.

ఇలాంటి మనిషి చేతిలో మా అత్తగారు పడ్డారు. కాదు, ఆవిడ చేతిలోనే ఇతను పడ్డాడని మా ఆవిడ రేణు అంటుంది.

మా అత్తగారు డాక్టర్ భానుమతి. డెబ్బైల్లో గుంటూరులో డాక్టరీ చదివి, షికాగో వచ్చి, నలభై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేశారు. ఆ పక్కనే షామ్‌బర్గ్‌లో సొంత ఇల్లు. మామగారు పోయాక కూడా ఆ ఇంట్లో ఒక్కరే ఉండేవారు. కిందటి చలికాలం డ్రైవ్‌వేలో మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. లేవలేక, పక్కింటాయన చూసేదాకా ఆ మంచులోనే పడి ఉన్నారు. రేణు మర్నాడే ఫ్లైట్ ఎక్కి వెళ్ళి ఆవిణ్ణి కాపెల్ తీసుకొచ్చేసింది.

మణికట్టు బాగైంది. ఆవిడ మనసే ఇక్కడ కుదురుకోలేదు. నలభై ఏళ్ళు ఆవిడ ఒక్క క్షణం చూపు తిప్పితే ఎవరి ప్రాణానికో ప్రమాదం. ఇక్కడ ఆవిడ రోజంతా పడుకున్నా ఏ పనీ ఆగదు.

"నాకిక్కడ పనేముందే?" అన్నారు ఒకరోజు రేణుతో. "బాగానే చూసుకుంటున్నారు, కాదనను. హోటల్లో కూడా బాగానే చూసుకుంటారు. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ అవగానే నేను మా ఇంటికి వెళ్ళిపోతాను."

"మళ్ళీ ఆ మంచులోకా అమ్మా?"

"మంచు నాకు కొత్తా?"

రేణు ఏడ్చింది, అలిగింది, నన్ను చెప్పమంది. నేను కూర్చోబెట్టి చాలా కారణాలు చెప్పాను. "విశాల్ గారూ, ఎంత బాగా చెప్పారండీ," అన్నారు అత్తగారు, సూట్‌కేసు చక్రాలు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసుకుంటూ. ఈసారి పడితే పక్కింటాయన చూస్తాడన్న నమ్మకం ఏమిటని రేణుకి నిద్ర పట్టేది కాదు. నాకూ భయంగానే ఉండేది.

ఆగస్టులో ఒక శనివారం యోగానంద్, ఉజ్వల మా ఇంటికి భోజనానికి వచ్చారు. భోజనాలయ్యాక అతను ఫోను తీసి మా స్పీకర్‌కి కలిపాడు. మేం గుండె రాయి చేసుకుని కూర్చున్నాం. లూపు వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"బాగుందన్నయ్యా," అంది రేణు. "సూపర్," అన్నాను నేను. ఉజ్వలకి ఈ మెచ్చుకోలు నుంచి మినహాయింపు ఉంది.

"ఆపు నాయనా," అన్నారు అత్తగారు సోఫాలోంచి. "నాకు ఇందాకే నిద్రొచ్చేసింది."

రేణు "అమ్మా" అని మందలించబోయింది. యోగానంద్ అప్పటికే ఆవిడ ఎదురుగా కార్పెట్ మీద చతికిలబడ్డాడు.

"ఏడ బోర్ కొట్టింది డాక్టర్ గారు?"

"ఆ ఠప్పు ఠప్పు రెండోసారి తిరిగొచ్చినప్పుడు. మొదటిసారి ఏదో వస్తుందనుకున్నాను. రెండోసారీ అదే వచ్చింది. మూడోసారికి ఎవరికైనా నాడి నెమ్మదిస్తుంది. జీవితమంతా మనుషుల్ని నిద్రపుచ్చానయ్యా, ఎవరు ఎక్కడ జారిపోతారో నాకు తెలుసు. నువ్వు మందు లేకుండా చేస్తున్నావు, అంతే తేడా."

యోగానంద్ వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. అతన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం మధ్యాహ్నం అత్తగారు అతని గరాజ్‌లో హాజరు. దింపేసి వచ్చేద్దామనుకున్నాను. అలా కుదరలేదు.

"వింటూ నన్ను నేనే చూసుకోలేను కదా," అన్నారు అత్తగారు. "ఒక పేషెంట్ కావాలి."

ఇద్దరూ నా వైపు చూశారు.

అలా నేను పడక్కుర్చీ ఎక్కాను. అత్తగారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నాడి లెక్కపెట్టే పల్స్ ఆక్సీమీటర్ తీసి నా వేలికి తగిలించారు. ఒక కన్ను నా రెప్పల మీద, ఒక కన్ను దాని అంకెల మీద పెట్టి, మొదలుపెట్టమని యోగానంద్‌కి సైగ చేశారు.

"జారుతున్నారు," అన్నారు కాసేపటికి, ఆపరేషన్ థియేటర్లో ఉన్నట్టే. "ఇక్కడ ఏదైనా తీసెయ్యి."

"డ్రమ్స్ తియ్యాల్నా?"

"తీసెయ్. ఆఁ, కళ్ళు తెరిచారు. ఇప్పుడు ఆ సన్నగా ఏడ్చేది ఉందే, అది వదులు. కొంచెమే, డోసు మించకూడదు."

"అత్తయ్యగారూ, నాకు నిజంగానే నిద్రొస్తోందండీ," అన్నాను.

"మీరు మాట్లాడకండి. పేషెంట్లు మాట్లాడరు."

ఆవిడకి సంగీతం బొత్తిగా రాదు. అయినా పాటకి కావాల్సినదంతా ఆవిడ వృత్తిలోనే ఉందని తేలింది. "మొదట్లో తొందరపడకు నాయనా," అనేవారు. "మనిషికి తెలియకుండా లోపలికి తీసుకెళ్ళాలి. మధ్యలో అలాగే నిలబెట్టి ఉంచడం ఉందే, కష్టమంతా అదే, ఎవరూ మెచ్చుకోరు. లేపేటప్పుడు ఇంకా నెమ్మది. నువ్వు చివర్లో టక్కున ఆపేస్తున్నావు. అలా లేపితే పేషెంట్ వాంతి చేసుకుంటాడు."

యోగానంద్ శ్రద్ధగా తలూపి, చివర్లో ఒక్కో శబ్దాన్నీ విడిగా తగ్గించాడు. ముందు డ్రమ్స్ పోయాయి, తర్వాత బేస్ పోయింది, ఆ గ్రైండర్ ఠప్పు ఒక్కటే మిగిలి, అదీ సన్నబడి ఆగిపోయింది. "ఇప్పుడు వార్డుకి పంపొచ్చు," అన్నారు అత్తగారు.

ఇంట్లో గాలి మారింది. అత్తగారు భోజనం దగ్గర మళ్ళీ వడ్డించమని అడుగుతున్నారు. వారం మధ్యలో యోగానంద్‌కి ఫోన్ చేసి, "ఆ రెండో నిమిషం సంగతి రాత్రి ఆలోచించానయ్యా" అంటున్నారు. రేణు ఆశపడింది. కానీ సూట్‌కేసు మంచం పక్కనే ఉంది. "ఈ కుర్రాడి పాట థాంక్స్‌గివింగ్ లోపలే అయిపోయేలా ఉంది," అన్నారు ఒకరోజు అత్తగారు. కుర్రాడికి యాభై దాటాయి. "అది అవగానే నేనూ బయల్దేరతాను. ఇంకేం మిగిలింది ఇక్కడ?"

దసరా నాటికి ఆ పాట నాకే బాగుందనిపించింది. కాపెల్ బాగుండడం కాదు, నిజంగా బాగుండడం. తర్వాతి శనివారం వెళ్ళేసరికి పాడైపోయింది. బేస్ రావాల్సిన చోట రాలేదు. అత్తగారు చెడామడా తిట్టారు, అతను సరిచేశాడు. ఆ పై శనివారం ఇంకోచోట ట్యూన్ ఊరికే తిరిగినచోటే తిరిగింది. మళ్ళీ తిట్లు, మళ్ళీ మరమ్మతు. ఒకసారైతే పాట మధ్యలో, ఎవరూ అడక్కుండా, చప్పట్లు మొదలయ్యాయి.

"ఇదేమిటయ్యా, ఆపరేషన్ థియేటర్లోకి పెళ్ళివారొచ్చారు?" అన్నారు అత్తగారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఏ వారానికావారం టీవీలో ఆట వదులుకుని, వేలికి క్లిప్పు పెట్టుకుని పడుకుంటున్నవాణ్ణి నేను. "నీకీ జన్మలో పాట పూర్తికాదు," అని కారు ఎక్కుతూ యోగానంద్‌తో అన్నాను. "బాగున్నదాన్ని కెలకడం తప్ప నీకేం రాదు."

"నేర్చుకుంటున్న భాయ్," అన్నాడు తల గోక్కుంటూ.

నవంబర్ మొదట్లో ఒక సాయంత్రం, అత్తగారు యోగానంద్ ఇంట్లో మర్చిపోయిన కళ్ళజోడు తేవడానికి వెళ్ళాను. గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల పాట అప్పుడే మొదలైంది. డ్రైవ్‌వేలో ఆగాను. ఒక్క ఠప్పుతో మొదలై, దాని పక్కన ఇంకోటి చేరి, ఎప్పుడు చేరిందో తెలియకుండా మూడోది చేరింది. ఇక చాలనుకునేలోపు డ్రమ్స్ తప్పుకున్నాయి, ఖాళీలోంచి ట్యూన్ వచ్చింది. రావాల్సిన చోట బేస్ వచ్చింది. ఎక్కడా తప్పు లేదు. అంతా సన్నబడి ఆగిపోయాక కూడా నేను అలాగే నిలబడి ఉన్నాను. నాకు ఎక్కడా బోర్ కొట్టలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగా ఉంది గానీ నిజం.

లోపలికి వెళ్తే యోగానంద్ నన్ను చూసి గబుక్కున లాప్‌టాప్ మూత దించాడు. ఉజ్వల కాఫీ కప్పుతో గుమ్మంలో ఉంది.

"ఇది పూర్తయింది కదా?" అన్నాను.

"లే భాయ్, ఇంకా కొంచెం..."

"దసరాకే అయిపోయింది అన్నయ్యగారూ," అంది ఉజ్వల. "రోజూ ఆఫీసు నుంచి రాగానే ఒకసారి వింటారు. శుక్రవారం సాయంత్రం కూర్చుని పాడుచేస్తారు."

"పాడుచేస్తాడా?"

"శనివారం డాక్టర్ గారు వస్తారు కదా."

యోగానంద్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "పాట అయిపోయింది అని చెప్తే ఏమైతది?" అన్నాడు చివరికి. "డాక్టర్ గారు మంచిగుంది అంటరు, సూట్‌కేస్ పట్టుకుని షామ్‌బర్గ్ పోతరు. జనవరిల ఆడ ఎట్లుంటదో నీకు తెల్వదా? మీరిద్దరు ఉండుమని బతిమాలుతున్రు. బతిమాలితే ఆవిడ ఉండరు. పని ఉంటే ఉంటరు. ఆవిడకి మొదటి రోజు బోర్ కొట్టింది నా లూపుతోని కాదు భాయ్. ఊరికే కూసొని."

ఒకే ఇంట్లో ఉండి మేం చూడనిది ఇతను కార్పెట్ మీద కూర్చున్న రోజే చూశాడు. నాకు ఆ క్షణాన అతన్ని కావలించుకోవాలనిపించింది. అతను నాకు ఆ అవకాశం ఇవ్వకుండా తన బాధ మొదలుపెట్టాడు.

"పాడుచేసుడు ఎంత కష్టమో నీకు తెల్వదు. తప్పు చిన్నదైతే ఆవిడకి దొరకదు, దొరకలేదని బాధపడుతరు. పెద్దదైతే కావాలని చేసిన అని తెలిసిపోతది. ఆవిడ కనిపెట్టాలె, కోపం రావాలె, సరిచెయ్యాలె. ఒక మంచి తప్పు దొరికేసరికి నా పానం పోతున్నది. దీనికంటే పాట చేసుడే ఈజీ ఉండె."

"మరి ఆ చప్పట్లు?"

"అది సరిగ కుదరలె," అని ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చి రేణుకి చెప్పాను. మెట్ల మీద కూర్చుని, నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. మర్నాడు వెళ్ళి ఉజ్వలకి కొత్త గ్రైండర్ కొనిచ్చింది. యోగానంద్ దాని శబ్దం విని పెదవి విరిచాడట. అత్తగారికి మాత్రం ఈ సంగతి చెప్పకూడదని నలుగురం అనుకున్నాం.

థాంక్స్‌గివింగ్ ముందు శనివారం యథాప్రకారం పడక్కుర్చీలో పడుకున్నాను. ఆ వారం తప్పు చివర్లో పెట్టాడని ఉజ్వల నాకు ముందే మెసేజ్ పెట్టింది. అతని కష్టం వృథా కాకూడదని నేను కూడా సరిగ్గా అక్కడ కళ్ళు మూశాను. అత్తగారు తిట్టారు, అతను సరిచేశాడు. తిరిగొస్తూ కారు మా వీధిలోకి తిప్పుతుండగా ఆవిడ అన్నారు.

"విశాల్ గారూ, మీకు నటించడం రాదు."

"ఏమిటండీ?"

"ఆ తప్పు రాకముందే కళ్ళు మూశారు. వస్తుందని మీకెలా తెలుసు?"

తిప్పేసిన మలుపుకి నేను మళ్ళీ ఇండికేటర్ వేశాను.

"అతను కావాలని పాడుచేస్తున్నాడని నాకు మొదటి తప్పు నాడే తెలుసు," అన్నారు అత్తగారు. "నిజంగా మత్తులో ఉన్నవాణ్ణీ, కళ్ళు మూసుకుని నటించేవాణ్ణీ పోల్చుకోలేకపోతే ఇన్నేళ్ళు నేనేం పనిచేసినట్టు?"

"మరి తెలిసి కూడా అంతలా తిడుతున్నారేమండీ?"

"అంత కష్టపడి పాడుచేస్తున్నాడు పాపం. తిట్టకపోతే చిన్నబుచ్చుకోడూ?" అన్నారు. "అయినా ఆ పాట నిజంగా పూర్తి కాలేదులెండి. మూడో నిమిషంలో ఒకచోట నాకు ఇప్పటికీ నిద్రొస్తుంది. అది తప్పని అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు, ఉంచాను."

"ఎప్పుడు చెప్తారండీ?"

"తొందరేముంది? ఫిబ్రవరిలో చూద్దాం."

ఫిబ్రవరి అన్న మాట చెవిన పడ్డాక నేను మా ఇల్లు దాటి వీధి చివరిదాకా పోనిచ్చేశాను.

థాంక్స్‌గివింగ్ నాడు పొద్దున రేణు వంటింట్లో ఉంది. హాల్లో అత్తగారు షామ్‌బర్గ్ పక్కింటాయనతో ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. "అక్కడ మా గరాజ్‌లో మంచు తోసే మిషన్ ఉంది కదా, అది నువ్వు తీసుకుపో," అంటున్నారు. "నాకిక దాంతో పనిలేదు. లేదు లేదు, ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడొక కేసు ఒప్పుకున్నాను, దగ్గరుండి చూసుకోవాలి, వదిలి రావడానికి వీల్లేదు."

రేణు గరిటె పక్కన పెట్టి స్టవ్ ఆపింది. ఆవిడ ఫోను పెట్టేశాక, ఏమీ వినిపించనట్టు మామూలు గొంతుతో అడగడానికి ప్రయత్నించింది.

"ఎప్పటికి తేలుతుందమ్మా ఆ కేసు?"

"పేషెంట్ మంచివాడే," అన్నారు అత్తగారు చదువుకునే కళ్ళజోడు పెట్టుకుంటూ. "కేసే మొండిది. ఏళ్ళు పట్టొచ్చు."

రేణు వంగి ఓవెన్ తలుపు తీసింది. లోపల ఏమీ లేదు. అయినా చాలాసేపు అందులోకే చూస్తూ ఉండిపోయింది.